గెస్ట్ వైఫై బిల్లింగ్ సర్వర్ జోలికి పోకుండా: ఏసీఎల్ రాసే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి లాంటి ఊళ్లలో ఓ నర్సింగ్‌హోమ్ అనుకుందాం. బిల్లింగ్‌కి వీల్యాన్ 10 (వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేరే నెట్‌వర్క్; దీని అడ్రస్‌లు 192.168.10.0), రోగుల తాలూకు బంధువుల వైఫైకి వీల్యాన్ 30 (192.168.30.0). విడదీశాం కదా అని ఊరుకోకూడదు. లేయర్ 3 స్విచ్‌లో (నెట్‌వర్క్‌ల మధ్య కూడా దారి కలపగలిగే స్విచ్) రౌటింగ్ ఆన్‌లో ఉంటే, మనం అడ్డు పెట్టేదాకా రెండిటి మధ్య అన్నీ దాటిపోతాయి. ఆ అడ్డే ఏసీఎల్ (యాక్సెస్ కంట్రోల్ లిస్ట్): దేన్ని వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే నియమాల జాబితా.

ముందు కాగితం మీద గెస్ట్‌కి ఏం కావాలో రాయండి: ఐపీ అడ్రస్, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్, ఇక్కడ 192.168.10.2), ఇంటర్నెట్. అంతే. సిస్కో స్విచ్‌లో దాని రూపం ఇది (టైపు చేసేది ఇంగ్లిషు అక్షరాల్లోనే):

ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ గెస్ట్-ఇన్
10 పర్మిట్ యూడీపీ ఎనీ ఈక్యూ 68 ఎనీ ఈక్యూ 67
20 పర్మిట్ యూడీపీ 192.168.30.0 0.0.0.255 హోస్ట్ 192.168.10.2 ఈక్యూ 53
30 పర్మిట్ టీసీపీ 192.168.30.0 0.0.0.255 హోస్ట్ 192.168.10.2 ఈక్యూ 53
40 డినై ఐపీ ఎనీ 192.168.0.0 0.0.255.255
50 పర్మిట్ ఐపీ 192.168.30.0 0.0.0.255 ఎనీ

తర్వాత ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 30 కింద: ఐపీ యాక్సెస్-గ్రూప్ గెస్ట్-ఇన్ ఇన్.

లైన్ల ముందున్న 10, 20 వరుస నంబర్లు. పర్మిట్ అంటే వదలడం, డినై అంటే ఆపడం, ‘ఈక్యూ’ తర్వాతది పోర్టు నంబరు: 67, 68 ఐపీ అడ్రస్ అడగడానికి, 53 డీఎన్ఎస్‌కి. స్విచ్ పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయిన లైను దగ్గరే ఆగుతుంది. 50ని 40కి పైన పెడితే అడ్డు ఉన్నా లేనట్టే. చివర్లో కనపడని డినై ఒకటి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, 50 మర్చిపోతే ఇంటర్నెట్ ఆగిపోతుంది. 10 లేకపోతే కొత్త ఫోన్లకి అడ్రసే రాదు. 0.0.0.255 అనేది సబ్‌నెట్ మాస్క్ కాదు, వైల్డ్‌కార్డ్ (0 ఉన్నచోట అంకె సరిపోలాలి, 255 ఉన్నచోట ఏదైనా పర్లేదు), 255.255.255.0 అని కొడితే నియమం అర్థమే మారిపోతుంది. ‘ఇన్’ అంటే వీల్యాన్ 30లోని ఫోన్ల నుంచి స్విచ్‌లోకి వచ్చేది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఏసీఎల్‌కి జ్ఞాపకం ఉండదు, ముందు ఎవరు పలకరించారో దానికి తెలియదు. బిల్లింగ్ కంప్యూటర్ వీల్యాన్ 30లోని ప్రింటర్‌కి పంపితే, జవాబు 40 దగ్గర ఆగిపోతుంది. అలాంటి అవసరం ఉంటే 40కి ముందు ఇది చేర్చండి: 35 పర్మిట్ టీసీపీ ఎనీ 192.168.10.0 0.0.0.255 ఎస్టాబ్లిష్డ్. ఇది ప్యాకెట్‌లో ఏసీకే (అందింది), ఆర్ఎస్‌టీ (తెంచేయి) అనే గుర్తు బిట్లు మాత్రమే చూస్తుంది, పూర్తి ఫైర్‌వాల్ కాదు. వీలైతే ప్రింటర్నే వీల్యాన్ 10లోకి మార్చడం మేలు.

బరంపురంలో కూర్చుని గుణుపురం స్విచ్ మార్చేటప్పుడు, ముందు ఉన్న కాన్ఫిగ్ (స్విచ్ అమరిక) సేవ్ చేసి, ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి అప్పుడు మొదలుపెట్టండి. మీ దారి మీరే మూసుకున్నా పది నిమిషాలకు స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. ఆ రీస్టార్ట్‌లో బిల్లింగ్ కూడా ఆగుతుంది కాబట్టి రాత్రిపూట చేయండి. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’, వెంటనే ‘రైట్ మెమరీ’. సేవ్ చేయకుండా వదిలేస్తే, వానాకాలం కరెంటు ఒక్కసారి పోయి వచ్చేసరికి మీ నియమాలు ఉండవు.

‘షో యాక్సెస్-లిస్ట్స్’లో ఒక్కో లైనుకి సరిపోయిన ప్యాకెట్ల లెక్క పెరగకపోయినా కంగారు వద్దు. కొన్ని స్విచ్‌లు హార్డ్‌వేర్‌లో వడకట్టినవాటిని అందులో చూపవు. గెస్ట్ వైఫైలో ఫోను కలిపి సర్వర్ అడ్రస్ తెరిచి చూడటమే నమ్మకమైన పరీక్ష.

ఒకే వీల్యాన్‌లోని రెండు ఫోన్ల మధ్య ట్రాఫిక్ ఈ ఏసీఎల్ దగ్గరికే రాదు. దానికి యాక్సెస్ పాయింట్‌లో (వైఫై ఇచ్చే పెట్టె) క్లయింట్ ఐసొలేషన్, అంటే ఫోన్లు ఒకదాన్నొకటి చూడకుండా చేసే సెట్టింగ్, ఆన్ చేయాలి. ఐపీవీ6 (కొత్త తరహా పొడవైన ఐపీ అడ్రస్‌లు) నడుస్తుంటే దానికి వేరే ఏసీఎల్ రాయాలి.