విలన్ కాస్‌ప్లే: వేషం వేయడం కాదు, బెదురు పుట్టించడం ఎలా?

కాస్‌ప్లే కోసం, అంటే సినిమాలోనో కామిక్స్‌లోనో ఉండే పాత్రలా తయారవడానికి, కొమ్ములు పెట్టుకున్నారు, నల్లకోటు తొడిగారు, కళ్లకింద దట్టంగా నలుపు పూశారు. అద్దంలో బాగానే ఉంది. తీరా ఫొటో చూస్తే విలన్ లేడు, నల్లబట్టల్లో మీరే ఉన్నారు. లోపం వస్తువుల్లో కాదు. ఆ పాత్ర ఎలా భయపెడుతుందో తేల్చుకోకుండానే కొనుగోళ్లు మొదలుపెట్టడంలో ఉంది.

అందుకని ముందుగా ఒక కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాయండి: ఈ విలన్‌ని చూసి ఎదుటివాళ్లు ఎందుకు హడలిపోతారు? బలం చూసా, తెలివి చూసా, పిచ్చి చూసా? బలమైతే భుజాలు పెరగాలి. తెలివైతే ఇస్త్రీ మడత చెదరకూడదు, కాలరు నలగకూడదు. పిచ్చి అయితే ఎక్కడో ఒకచోట లెక్క తప్పాలి: ఒక గుండీ పక్క కాజాలో ఉండాలి, లేదా ఒక చేతికే గ్లోవు ఉండాలి. నా మొదటి వేషంలో ఈ మూడూ కలిపి కూరాను. చూసినవాళ్లకు ఒక్కటీ అందలేదు.

డ్రెస్: ముందు ఆకారం, తర్వాతే అలంకారం

వెలుతురున్న కిటికీకి వీపు పెట్టి నిలబడి ఒక ఫొటో తీయించుకోండి. ముఖం, రంగులు ఏవీ కనబడవు, నల్లటి ఆకారం మాత్రం మిగులుతుంది. అది చూసి పాత్ర ఎవరో పోల్చుకోగలిగితే సగం పని అయినట్టే. పోల్చుకోలేకపోతే కుట్టుపనికి, పూసలకు డబ్బు పెట్టకముందే ఆకారం మార్చాలి. కాలరు ఎత్తు పెంచండి, నడుము బిగించండి, భుజాలకు కోణాలు తీయండి. గుండ్రటి ఆకారాలు స్నేహంగా కనిపిస్తాయి. మొనదేలినవి ఎదుటివాడిని దూరంగా నిలబెడతాయి.

భుజకవచాలకు ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే తేలికపాటి షీటు) చాలు. 5 మిల్లీమీటర్లది కత్తితో సులువుగా తెగుతుంది, 10 మిల్లీమీటర్లది బరువైన లోహంలా కనబడుతుంది. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో వేడిచేసి, బోర్లించిన గిన్నె మీద వంచి చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు అలాగే నిలుస్తుంది. అతికించడానికి కాంటాక్ట్ జిగురు రెండు అంచులకూ పూసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు నొక్కండి. ఒకసారి పట్టుకుందంటే ఇక సర్దడానికి వీలుండదు. ఈ పని తలుపులు తీసి, గాలి ఆడేచోట చేయాలి. మామూలు గుడ్డమాస్కు ఆ జిగురు ఆవిరిని ఆపదు, రసాయన ఆవిరులకు పనికొచ్చే ఫిల్టరున్న రెస్పిరేటర్ కావాలి.

కేప్ (వీపు వెనక వేలాడే పైవస్త్రం) దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. బరువైన వెల్వెట్ కేప్‌ని మెడ దగ్గర తాడుతో కట్టుకుని వెళ్లాను. ఎవరో అంచు తొక్కారు. లోకాన్ని ఏలాల్సినవాడిని గొంతు పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాను. అప్పటినుంచి కేప్‌ని మెడకు కట్టడం మానేశాను. చొక్కా లోపల, భుజాల మీదుగా, చంకల కిందుగా వచ్చి వీపు మీద కలిసే పట్టీలు కుట్టి, భుజాల దగ్గర వాటికే తగిలిస్తాను. బరువంతా భుజాల మీద పడుతుంది, మెడ ఖాళీగా ఉంటుంది కాబట్టి తల కూడా దర్జాగా తిరుగుతుంది.

ఇక కొత్తబట్ట. యుద్ధాలు చేసినవాడి కోటు అప్పుడే ప్యాకెట్లోంచి తీసినట్టుంటే ఎవరూ నమ్మరు. మోచేతులు, జేబు అంచులు, కింది అంచు ఉప్పుకాగితంతో రుద్దండి. నలుపు, గోధుమరంగు యాక్రిలిక్ పెయింట్ నీళ్లలో పలుచగా కలిపి కవచాలమీద పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. సందుల్లో మురికి మిగులుతుంది. ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో వెండిరంగు అంచులకు మాత్రం తాకిస్తే అరిగిన ఇనుములా కనబడుతుంది. మీది తెలివైన, శుభ్రమైన విలన్ అయితే ఈ పేరా వదిలేయండి. అక్కడ ఒక్క దారప్పోగు వేలాడినా పరువు పోతుంది.

మేకప్: రంగు కాదు, నీడ

1925 నాటి మూకీ చిత్రం ‘ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’లో నటుడు లాన్ చానీ తన మేకప్ తనే వేసుకున్నాడు. ఆ ముఖం పుర్రెలా కనబడటానికి ముఖ్యమైన కారణం కళ్ల గుంటల్లో, ముక్కుపుటాల్లో దిద్దిన నలుపు. నలుపు ఎంత పూశామన్నదానికన్నా ఎక్కడ పూశామన్నదే లెక్క. చెంప ఎముక కింద, కణతల దగ్గర, ముక్కుకి రెండు పక్కలా బూడిద కలిసిన గోధుమరంగు వేసి అంచులు కలిపేయండి. అక్కడ అచ్చమైన నలుపు వేస్తే నీడలా ఉండదు, మసి అంటినట్టుంటుంది. కనురెప్పల చుట్టూ కాస్త ఎరుపు కలిపితే నిద్రలేని, జబ్బుపడ్డ చూపు వస్తుంది.

ముఖాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేవి కనుబొమలు. చర్మానికి హాని చేయని, నీళ్లతో కడిగితే పోయే గ్లూ స్టిక్‌తో వెంట్రుకలను చర్మానికి అదిమి, ఆరనిచ్చి, మళ్లీ పూయండి. మూడు పూతలు పడాలి. పైన పౌడరు, మచ్చలు దాచే కన్సీలర్, మళ్లీ పౌడరు. అప్పుడు మీకు కావలసిన చోట, కావలసిన వంపుతో కొత్త కనుబొమ గీసుకోవచ్చు. ఆరేదాకా ఓపిక పట్టకపోతే గంటలో చెమటకి పాత వెంట్రుకలు లేచి నిలబడతాయి, ముఖం మీద నాలుగు కనుబొమలు తేలతాయి. నాకు తేలాయి.

క్రీమ్ రంగులు వేస్తే పౌడరు తప్పనిసరి, లేకపోతే కాలరంతా అంటుతుంది. ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసి చూసుకోండి, కొన్ని పౌడర్లు కంటికి కనబడకపోయినా ఫొటోలో తెల్లమచ్చలుగా బయటపడతాయి. లేటెక్స్ (ద్రవ రబ్బరు), స్పిరిట్ గమ్ (చర్మానికి వాడే మేకప్ జిగురు) వంటివి ఒకరోజు ముందే మోచేతి మడతలో కొంచెం రాసి చూడాలి. కవచాలకు వాడిన యాక్రిలిక్ లాంటి క్రాఫ్ట్ పెయింట్ చర్మానికి వద్దు. రంగు లెన్సులు కంటి డాక్టరు కొలత తీసి ఇచ్చినవే పెట్టుకోండి, స్నేహితులవి ఎన్నడూ అరువు తీసుకోవద్దు. లెన్సు మేకప్‌కి ముందు పెట్టాలి, మేకప్ తుడిచేముందు తీయాలి.

విగ్గు

సింథటిక్ విగ్గుకుండే మెరుపే దాని గుట్టు రట్టు చేస్తుంది. కొద్దిగా బేబీ పౌడరు చల్లి దులిపేస్తే ఆ మెరుపు చస్తుంది. చిక్కు ఎప్పుడూ చివర్లనుంచి పైకి తీయాలి. వేడి తట్టుకుంటుందని రాసి ఉంటేనే స్ట్రెయిటనర్ వాడండి, అదీ లోపలి పాయ మీద పరీక్షించాకే. జుట్టు ఎత్తుగా నిలవాలంటే పలుచటి పాయ నిటారుగా పట్టుకుని, దువ్వెనతో కొసనుంచి కుదుళ్లవైపు నాలుగైదుసార్లు నెట్టి స్ప్రే కొట్టండి. పైపొర మాత్రం నున్నగా దువ్వండి. మీ జుట్టు అణిచి అల్లి, నెట్ క్యాప్ వేసి, పిన్నులు ఇంటూ గుర్తులా అడ్డదిడ్డంగా గుచ్చితే విగ్గు కదలదు.

పోజు: అరవకండి

నోరు తెరిచి, పళ్లు బిగించి, పదివేళ్లూ గోళ్లలా చాపితే భయం రాదు, నవ్వొస్తుంది. భయపెట్టేవాడికి తొందర ఉండదు. బరువు ఒక కాలి మీద వేయండి, భుజాలు ఒక వైపు ఉంటే ముఖం మరో వైపు తిప్పండి. చేతికి ఒక పని ఇవ్వండి. ఉదాహరణకు ఎడమ మణికట్టు దగ్గర కఫ్ సర్దుకుంటూ ఉండండి. తల ఎత్తకండి. కళ్లు మాత్రం నెమ్మదిగా పైకి లేచి కెమెరా మీద ఆగాలి. పెదవి ఒక కొస కొంచెం కదలాలి, కళ్లలో నవ్వు ఉండకూడదు. ఇది పిచ్చి ఉన్న పాత్రకు బాగా కుదురుతుంది. తెలివైన, అహంకారి పాత్రకు దీన్ని తిరగేయండి: గడ్డం కాస్త ఎత్తి, రెప్పలు సగం వాల్చి కిందికి చూడండి. బలవంతుడు నేరుగా చూస్తే చాలు.

కెమెరా మీ నడుము ఎత్తులో ఉంటే పొడుగ్గా కనబడతారు. ఇంకా కిందికి పోతే ముక్కుపుటాలే కనబడతాయి. వెలుతురు పైనుంచి పడటం మన కంటికి అలవాటు, అందుకే కిందినుంచి లైటు వేస్తే ముఖంలో నీడలు తారుమారై వింతగా ఉంటుంది. పక్కనుంచి వేసి సగం ముఖాన్ని చీకట్లో వదిలేయడం నాకు ఇంకా ఇష్టం.

మీ వేషం చూసి చిన్నపిల్లలు నిజంగానే జడుసుకోవచ్చు. విగ్గు తీసి చూపిద్దామంటే ఇరవై పిన్నులు అడ్డం. అందుకే ఒక గ్లోవు సులువుగా ఊడేలా ఉంచుకోండి. మోకాళ్ల మీద కూర్చుని, గ్లోవు తీసి, మామూలు చెయ్యి ఊపండి.