పాత హారర్ సినిమాలో భయం ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం ఎలా?

హారర్ సినిమా చూసేటప్పుడు "చూడు, ఇప్పుడు వెనక నుంచి చెయ్యి పడుతుంది" అని ముందే చెప్పేసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. చాలాసార్లు ఆ చెయ్యి పడుతుంది కూడా. ఈ రకం సినిమాలకు కొన్ని ఆనవాయితీలున్నాయి, వాటిని మనం తెలియకుండానే నేర్చేసుకున్నాం. పాడుబడ్డ బంగళా, ఆరిపోయే దీపం, వద్దన్నా తెరిచే తలుపు కనిపించగానే తర్వాత ఏం రావాలో మనసు లెక్క వేసేస్తుంది.

మంచి దర్శకుడికి మనం వేసే ఆ లెక్క తెలుసు. ఆనవాయితీల్లో చాలావాటిని అతను బుద్ధిగా పాటిస్తాడు. మనం నమ్మి కుదురుగా కూర్చున్నాక, అసలు అనుమానం రాని ఒక్కచోట లెక్క తప్పిస్తాడు. యాభై, అరవై, తొంభై ఏళ్ళ కిందటి సినిమాలు ఇప్పటికీ పనిచేయడానికి పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం. ఆ ఒక్కచోటును మీ అంతట మీరు పట్టుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఒక సినిమా, ఒక నోటుపుస్తకం, హెడ్‌ఫోన్స్, రెండు సాయంత్రాలు ఉంటే చాలు. ఒక్క హెచ్చరిక: 'సైకో', 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' సినిమాల కథ ఇందులో చివరిదాకా బయటపెట్టాను. చూడనివాళ్ళు ముందు అవి చూసి రండి.

1. మొదటిసారి ఊరికే చూడండి

మొదటిసారి నోట్సు రాయొద్దు. లైట్లు తీసేసి, ఫోను పక్క గదిలో పెట్టి, మామూలు ప్రేక్షకుడిలా చూడండి. భయపడకుండా విశ్లేషణ మొదలుపెడితే దేన్ని విశ్లేషిస్తున్నామో మనకే తెలియదు. నలుపు తెలుపు సినిమాలు అలవాటు లేనివాళ్ళకు మొదటి పావుగంట నెమ్మదిగా అనిపిస్తుంది. ఓపిక పట్టండి.

ఏ సినిమాతో మొదలుపెట్టాలన్నది తేలని వాళ్ళకు జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' (1968) మంచి ఎంపిక. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన తెర మీద పెట్టడం పంపిణీదారులు మరిచిపోయారు. దాంతో అమెరికాలో అది అందరి సొత్తు అయిపోయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

2. మీకు ముందే తెలిసిన లెక్కను కాగితం మీద పెట్టండి

రెండోసారి చూసేముందు ఒక పేజీలో ఇది రాయండి: ఈ రకం కథలో ఏం జరుగుతుందని అనుకుంటాను? ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, కీడు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ వేళకు వస్తుంది, దాన్ని ఏది ఆపుతుంది? ఐదారు వాక్యాలు చాలు. మన సినిమాల మీద పెరిగినవాళ్ళ పేజీలో తెల్లచీర, గజ్జెల చప్పుడు, నిమ్మకాయలు, మంత్రగాడు కచ్చితంగా ఉంటాయి. ఉండనివ్వండి. ఆ పేజీయే మీ కొలబద్ద.

3. ఆ ఆనవాయితీ ఎప్పుడు పుట్టిందో వెతకండి

చాలామంది వదిలేసే పని ఇది. హారర్‌లో ప్రతిదీ అనాదిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ చాలావాటికి పుట్టిన సంవత్సరం ఉంది.

ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' నవలలో ఆ పిశాచి పగటిపూట లండన్ వీధుల్లో తిరుగుతాడు. పగలు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. చివరికి అతన్ని చంపేవి కత్తులు. ఎండకు చావడమనేది 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన మూకీ చిత్రం 'నోస్ఫెరాటు'తో వచ్చింది. ఆ సినిమాకు నవల హక్కులు కొనలేదు, పాత్రల పేర్లు మార్చి తీశారు. స్టోకర్ భార్య కోర్టుకెళ్ళి గెలిచింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. అయినా కొన్ని కాపీలు మిగిలాయి. అలా మిగిలిన సినిమాలోని కల్పన నవలలో ఉన్నదాన్ని పక్కకు తోసి ఆనవాయితీ అయి కూర్చుంది.

కోరపళ్ళ సంగతీ చూడండి. 1931 నాటి 'డ్రాక్యులా'లో బేలా లుగోసీకి కోరలు కనిపించవు. చూపు, చేతివేళ్ళు, ఆగి ఆగి మాట్లాడే తీరు, వీటితోనే భయపెట్టాడు. రంగుల్లో రక్తంతో తడిసిన కోరలు 1958లో బ్రిటన్‌లోని హ్యామర్ సంస్థ తీసిన సినిమాలో క్రిస్టఫర్ లీ నోట మెరిశాయి.

ఇలా పుట్టుక తెలిస్తే ఒక లాభం ఉంది. ఏ సినిమా ఆనవాయితీని పాటిస్తోందో, ఏది కొత్తగా పుట్టిస్తోందో విడిగా కనిపిస్తుంది.

4. ఏం ఉంచారు, ఏం తప్పించారు?

అసలు పని ఇది. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు దర్శకుడు ఉంచినవి, కుడివైపు తప్పించినవి రాయండి. ఎడమవైపు చాంతాడంత పొడుగ్గా వస్తుంది. కుడివైపు రెండు మూడే ఉంటాయి. అవే మీరు వెతుకుతున్నవి.

హిచ్‌కాక్ 'సైకో' (1960) తీసుకుందాం. గుట్ట మీద పాత ఇల్లు, కిటికీలో నీడ, వాన, దారి తప్పి వచ్చిన ఒంటరి ఆడమనిషి, అన్నీ పాత భూతగృహం కథల్లోంచి వచ్చినవే. అవన్నీ ఎడమవైపు రాయండి. ఇక కుడివైపు చూద్దాం. మేరియన్ క్రేన్ 40,000 డాలర్లు దొంగిలించి కారులో పారిపోతుంది. నల్లకళ్ళద్దాల పోలీసు, సెకండ్‌హ్యాండ్ కారు బేరం, దొరికిపోతుందేమోనన్న టెన్షన్, ఇదంతా ఒక దొంగతనం కథ. దాదాపు ముప్పావుగంట మనం ఆ డబ్బు గురించే ఆలోచిస్తాం. డబ్బు తిరిగి ఇచ్చేయాలని ఆమె నిర్ణయించుకుంటుంది, స్నానానికి వెళుతుంది, అక్కడ చచ్చిపోతుంది. సినిమాలో పెద్ద పేరున్న తార జానెట్ లీ సగం కాకుండానే లేదు. ఇంటర్వెల్‌కు ముందే కథానాయిక పోతే మన థియేటర్లో జనం ఏమనుకుంటారో ఊహించండి. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపొద్దని హిచ్‌కాక్ థియేటర్ల మీద షరతు పెట్టింది ఇందుకే. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆమె ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు మరి.

షవర్ సీను గురించి అందరూ మాట్లాడతారు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది దాని తర్వాతి పావుగంట. ఆమె దిగిన మోటెల్ నడిపే నార్మన్ గది కడుగుతాడు, శవాన్ని కారు డిక్కీలో పెడతాడు, డబ్బు చుట్టి ఉన్న పేపరును అదేమిటో తెలియకుండానే దానిమీద పడేసి, కారును ఊబిలోకి తోస్తాడు. కారు సగం మునిగి ఆగిపోతుంది. ఆ రెండు మూడు క్షణాలు మిమ్మల్ని మీరు గమనించుకోండి. కారు మునగాలని కోరుకుంటారు. ఇంతసేపూ ఆమె పక్షాన ఉన్న మనల్ని, ఒక్క మాట కూడా లేకుండా, ఆమె శవాన్ని దాచేవాడి పక్షానికి మార్చేశాడు హిచ్‌కాక్. ప్రేక్షకుడు ఎవరివైపు ఉండాలన్న ఆనవాయితీనే ఇక్కడ తిరగరాశాడు. నోటుపుస్తకంలో దీనికింద రెండు గీతలు గీయండి.

5. కళ్ళు మూసుకుని ఒక సీను వినండి

బాగా భయమేసిన సీను ఒకటి ఎంచుకుని బొమ్మ లేకుండా వినండి. తర్వాత మ్యూట్ చేసి చూడండి. భయం చెవిలో ఉందా, కంటిలో ఉందా తేలిపోతుంది.

దీనికి 'క్యాట్ పీపుల్' (1942) తప్ప మరొకటి చెప్పలేను. నిర్మాత వాల్ ల్యూటన్‌కు స్టూడియో ముందు పేరు ఇచ్చి, తర్వాత సినిమా తీయమంది. బడ్జెట్ 1,50,000 డాలర్ల లోపే. అందుకని చిరుతను చాలావరకు చూపించకుండానే కథ నడిపారు. రాత్రి, పార్కు పక్క రోడ్డు, ఆలిస్ ఒంటరిగా నడుస్తోంది. వెనక ఇంకొక ఆడమనిషి, చిరుతగా మారుతుందేమోనని మనం అనుమానిస్తున్న మనిషి. రెండు జతల బూట్ల చప్పుడు. కాసేపటికి రెండో చప్పుడు ఆగిపోతుంది. ఆలిస్ బెదిరి పరుగెత్తుతుంది. ఇప్పుడు చిరుత దూకాలి, ఆనవాయితీ ప్రకారం దూకి తీరాలి. బుస్సుమని చప్పుడు, ఫ్రేమ్‌లోకి ఏదో దూసుకొస్తుంది. అది బస్సు.

మా అక్క పిల్లలు పాత 'డ్రాక్యులా' చూసి గబ్బిలాల బొమ్మలకు పకపకా నవ్వారు. అదే మధ్యాహ్నం ఈ సీను పెట్టాను. బస్సు రాగానే ఇద్దరూ ఎగిరిపడ్డారు. ఉత్తుత్తి బెదిరింపుతో ఒళ్ళు జల్లుమనిపించే ఈ ఉపాయానికి సినిమావాళ్ళు 'ల్యూటన్ బస్' అనే పేరే పెట్టుకున్నారు. ఇప్పుడు కప్‌బోర్డులోంచి పిల్లి దూకే ప్రతి సీనూ దాని సంతతే. ఒక తేడా గమనించండి. ఇప్పటి సీన్లలో చప్పుడు మాత్రమే అరువు తెచ్చుకుంటున్నారు. ఆ చప్పుడుకు ముందున్న అడుగుల చప్పుడు, అది ఆగిపోయాక వచ్చే నిశ్శబ్దం, వాటిని ఎవరూ తెచ్చుకోవడం లేదు.

'సైకో'లో మొత్తం సంగీతం తీగవాద్యాలతోనే సాగుతుంది. షవర్ సీనుకు సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఒకసారి మ్యూట్‌లో చూస్తే ఆ సీనుకు ఆయన ఏం ఇచ్చాడో అర్థమవుతుంది.

6. కీడు ఎవరి రూపంలో వచ్చిందో అడగండి

'ఫ్రాంకెన్‌స్టైన్' (1931) టైటిల్స్‌లో రాక్షసుడి పాత్రధారి పేరు ఉండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. ఆ వేషంలో ఉన్నది బోరిస్ కార్లాఫ్. మేరీ షెల్లీ నవలలో ఆ జీవి పుస్తకాలు చదువుతుంది, గంటల తరబడి వాదిస్తుంది. సినిమాలో మాటలు తీసేశారు. మాట రాని బిడ్డలాంటి రాక్షసుడు మిగిలాడు. చెరువు దగ్గర చిన్నపిల్ల పువ్వులు నీళ్ళలో వేసి తేలుతుంటే మురిసిపోతుంది. పువ్వులు అయిపోయాక, ఆ పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని అతను ఆమెను నీళ్ళలో వేస్తాడు. సెన్సారు ఆ ముక్క కోసేసింది. కోశాక ఏమైందంటే, అతను పిల్ల వైపు చేతులు చాపడం, తర్వాత ఆ పిల్ల శవాన్ని తండ్రి మోసుకుంటూ రావడం మాత్రమే మిగిలాయి. మధ్యలో జరిగిందాన్ని జనం ఇంకా ఘోరంగా ఊహించుకున్నారు. 1980లలో ఆ ముక్కను తిరిగి చేర్చారు.

ఇక జాంబీల సంగతి. 1932 నాటి 'వైట్ జాంబీ'లో వాళ్ళు హైతీలో చక్కెర మిల్లులో చాకిరీ చేసే, మంత్రగాడి చెప్పుచేతల్లో ఉండే శవాలు. రొమేరో మంత్రగాడిని తీసేశాడు. ఇప్పుడు వాళ్ళకు యజమాని లేడు, ఆకలి మాత్రమే ఉంది. విచిత్రమేమిటంటే ఆయన సినిమాలో జాంబీ అన్న మాటే వినిపించదు.

7. చివరి పది నిమిషాలు విడిగా చూడండి

ముగింపులో అడగాల్సింది ఒక్కటే: దెయ్యం ఉందని సినిమా ఒప్పుకుందా, లేక ఎవరో ఆడిన నాటకమని తేల్చేసిందా?

అమెరికన్ మూకీల్లో నాటకమని తేల్చడమే ఎక్కువ. 'ద క్యాట్ అండ్ ద కానరీ' (1927)లో భూతమంతా ఆస్తి కోసం ఆడించిన నాటకం. 1931లో 'డ్రాక్యులా' ఆ పని చేయలేదు. పిశాచి నిజంగానే పిశాచి. మన దగ్గర ఆ పాత పద్ధతి చాలాకాలం నడిచింది. హిందీలో 'మహల్' (1949) ఆత్మ చివరికి తోటమాలి కూతురని తేలుతుంది. 'వో కౌన్ థీ' (1964), దాన్నే తెలుగులో తీసిన జయలలిత, జగ్గయ్యల 'ఆమె ఎవరు?' (1966) కూడా ఆ దారివే.

'సైకో' రెండూ చేస్తుంది. ఒక డాక్టరు వచ్చి అంతా వివరిస్తాడు. ఆ పాఠం విని ఊపిరి పీల్చుకునేలోపు కెమెరా నార్మన్ దగ్గరికి వెళుతుంది. అతని నవ్వు ముందు డాక్టరు చెప్పిందంతా తేలిపోతుంది.

రొమేరో ముగింపు ఇంకా కఠినం. నేలమాళిగలో దాక్కుందామని ఒకడు మొదటి నుంచీ మొత్తుకుంటాడు. కథానాయకుడు బెన్ ఒప్పుకోడు, మనమూ బెన్ పక్షమే. చివరికి బెన్ బతికేది ఆ నేలమాళిగలో దూరి. తెల్లవారుతుంది. తెల్లవారితే గండం గడిచినట్టేనని 'నోస్ఫెరాటు' నుంచి మనం నమ్ముతున్నాం. గాలింపుకు వచ్చినవాళ్ళు కిటికీలో కనిపించిన బెన్‌ను లేచి తిరిగే శవమనుకుని కాల్చేస్తారు. ఆ పాత్ర వేసిన డ్వేన్ జోన్స్ నల్లజాతి నటుడు. స్క్రిప్టులో పాత్ర జాతి ప్రస్తావన లేదు, ఆడిషన్‌లో బాగా చేశాడని తీసుకున్నారు. కానీ సినిమా విడుదలైంది 1968 అక్టోబరులో. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపి అప్పటికి ఆరు నెలలు. తుపాకులు పట్టిన తెల్లవాళ్ళ గుంపును ఆ ప్రేక్షకులు ఏ కళ్ళతో చూసి ఉంటారో ఆలోచించండి.

8. వరుసగా పెట్టి చూడండి

ఇక ఒక గొలుసు కట్టండి. 'సైకో' తర్వాత జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' (1978) చూడండి. కథానాయిక జేమీ లీ కర్టిస్ జానెట్ లీ కూతురు. అందులోని డాక్టరు పేరు లూమిస్, 'సైకో'లో మేరియన్ ప్రియుడి ఇంటిపేరు కూడా అదే. తల్లి సగంలోనే పోయింది, కూతురు చివరిదాకా నిలిచింది. చివరిదాకా బతికే అమ్మాయి ఒక ఆనవాయితీ అయింది. తర్వాత 'స్క్రీమ్' (1996) పెట్టండి. పోస్టర్ మీదున్న డ్రూ బ్యారీమోర్ మొదటి సీనులోనే పోతుంది. హిచ్‌కాక్ ముప్పావుగంటకు చేసిన పనిని అక్కడ పన్నెండు నిమిషాలకు కుదించారు.

ఆ గొలుసు అయ్యాక, 1992లో రాంగోపాల్ వర్మ రేవతితో తీసిన 'రాత్రి' చూడండి. పాడుబడ్డ బంగళా లేదు, ఒక మామూలు కుటుంబం కొత్తగా దిగిన ఇల్లు, ఒక పిల్లి. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు నుంచి మొదలుపెట్టండి.