మందులు వేసుకుంటున్నా ఒంట్లో తేడా చేస్తోందా? ముందు ఇవి చూసుకోండి

స్పృహ తప్పడం, ఊపిరి అందకపోవడం, ముఖమో పెదాలో వాయడం కనిపిస్తే ఇది చదువుతూ కూర్చోకండి. స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, పాదాలు వాస్తున్నాయి

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొద్ది రోజులకే ఇలా మొదలైతే, ఒకే మందు రెండు పేర్లతో పడుతోందేమో చూడండి. మా అమ్మకు అదే జరిగింది. పాత బీపీ మాత్ర పొద్దున, కొత్తగా రాసిచ్చింది రాత్రి వేసుకునేది. ఒకటి తెల్లగా గుండ్రంగా ఉంటుంది, రెండోది గులాబీ రంగు. పేర్లకూ పోలిక లేదు. వాపు చూసి కంగారుపడి స్ట్రిప్పులు తిప్పి చిన్న అక్షరాలు చదివితే, రెండింటి మీదా ఆమ్లోడిపైన్ 5 ఎంజీ! ఆ మందు ఎక్కువైతే చీలమండలు వాస్తాయి. డాక్టరు ఒకటి ఆపించాక వాపు దిగింది.

పరిష్కారం: స్ట్రిప్పులన్నీ మంచం మీద పరచండి. పెద్ద అక్షరాల్లో ఉన్న, కంపెనీ పెట్టిన పేరు వదిలేసి, అసలు మందు పేరు, ఎంజీ కాగితం మీద రాయండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏది ఆపాలో డాక్టరునే అడగండి. మీ అంతట మీరు రెండూ మానేయకండి. పారాసెటమాల్‌తో మరీ జాగ్రత్త, చాలా జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది. పెద్దవాళ్లకైనా అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటితే లివర్‌కు ముప్పు.

సమస్య: థైరాయిడ్ మాత్ర మానకపోయినా, రక్తపరీక్షలో థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ దిగడం లేదు

మోతాదు పెంచమని అడిగేముందు ఏ వేళకు వేసుకుంటున్నారో చూసుకోండి. పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. లేదంటే మందు ఒంటికి పట్టదు.

సమస్య: వేసుకున్నానో లేదో గుర్తులేదు

అనుమానం మీద మళ్లీ వేసుకోకండి. వారం రోజుల గదులున్న డబ్బా కొనుక్కుంటే ఈ బాధ తప్పుతుంది. కచ్చితంగా మర్చిపోయారని తేలితే మాత్రం, చాలా మందులను గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి డోసు దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి వద్దు.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వేసుకోవాల్సిన ఆ రోజు పేరు స్ట్రిప్ మీదే మార్కర్‌తో రాయండి.

సమస్య: మాత్ర మింగలేకపోతున్నారు

పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే పొడి చేయకండి. గంటల తరబడి మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే పడిపోతుంది. సిరప్ ఉందేమో అడగండి.

సమస్య: ఇన్సులిన్ వేసినా షుగర్ తగ్గట్లేదు

సీసా ఫ్రీజర్‌కు ఆనుకుని ఉందా? తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే, కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. తెరిచాక చాలా రకాలు 28 రోజులే పనికొస్తాయి, అందుకే తెరిచిన తేదీ సీసా మీద రాసిపెట్టుకోండి.