58 ఏళ్లు నిండినవారికి పీఎఫ్ మొత్తం, నెలవారీ పింఛను: తిరుపతి, చిత్తూరు జిల్లాలవారికి దరఖాస్తు విధానం

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రైవేటు ఉద్యోగాల నుంచి విరమణ పొందేవారిలో కొందరు శ్రీసిటీ, కరకంబాడి వంటి చోట్లే పనిచేసినవారైతే, చాలామంది చెన్నైలోనో, వేలూరులోనో, బెంగళూరులోనో ఏళ్ల తరబడి ఉండి సొంతూరికి తిరిగి వచ్చినవారు. రెండో కోవకు చెందినవారి పీఎఫ్ ఖాతా పక్క రాష్ట్రంలోని కార్యాలయం పరిధిలో ఉంటుంది. అయినా దరఖాస్తు కోసం అక్కడికి ప్రయాణం కట్టనక్కరలేదు. యూఏఎన్ అనే పన్నెండు అంకెల పీఎఫ్ సభ్యత్వ సంఖ్య, దానికి జతపడిన ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఆధార్‌కు అనుసంధానమైన మొబైల్ నంబరు ఉంటే ఇంటి నుంచే దరఖాస్తు చేయవచ్చు. మొబైల్ నంబరు మారినవారు ముందుగా ఆధార్ కేంద్రంలో కొత్త నంబరును నమోదు చేయించుకోవాలి. ఓటీపీ రానిదే ఏ దరఖాస్తూ ముందుకు సాగదు.

ముందుగా గ్రహించవలసింది ఏమిటంటే, జీతంలో కోతపడినట్టు కనిపించే సొమ్ము ఒకటే అయినా వచ్చే ప్రయోజనాలు రెండు, వాటికి దరఖాస్తులూ రెండు. ఉద్యోగి వాటా పూర్తిగాను, యజమాని వాటాలో కొంత భాగమూ పీఎఫ్‌లో చేరతాయి. దీన్ని 19వ నంబరు ఫారంతో వడ్డీ సహా ఒకేసారి తీసుకోవచ్చు. యజమాని వాటాలో 8.33 శాతం, అంటే 15,000 రూపాయల వేతన పరిమితి మేరకు నెలకు గరిష్ఠంగా 1,250 రూపాయలు, 1995 నాటి పింఛను పథకంలోకి వెళ్తాయి. పదేళ్ల సర్వీసు ఉన్నవారికి ఈ రెండో భాగం నెలవారీ పింఛనుగానే వస్తుంది, దానికి 10-డి ఫారం నింపాలి. ఆ సొమ్మంతా ఒకేసారి ఇవ్వమని అడిగేవారు తరచుగా ఎదురవుతుంటారు గాని, పదేళ్లు దాటినవారికి ఆ వెసులుబాటు లేదు. పదేళ్లు నిండనివారు 10-సి ఫారంతో ఒకేసారి తీసుకుంటారు. సర్వీసు లెక్కలో ఆరు నెలలు, అంతకుమించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా పరిగణిస్తారు కనుక తొమ్మిదిన్నర ఏళ్లు చేసినవారు తొందరపడి 10-సి నింపకూడదు.

చిత్తూరు ప్రాంతంలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో సీజన్‌కు మాత్రమే పనిచేసేవారికి ఇక్కడ ఒక ప్రత్యేక నిబంధన వర్తిస్తుంది. సీజనల్ ఉద్యోగి ఒక ఏడాదిలో కొన్ని నెలలే పనిచేసినా, పింఛను అర్హత కోసం ఆ ఏడాదిని పూర్తి సంవత్సరంగానే లెక్కిస్తారు. ఈ సంగతి తెలియక ఏ సీజన్‌కు ఆ సీజన్ సొమ్ము తీసేసుకుంటే పింఛనుకు కావలసిన సర్వీసు ఎప్పటికీ పోగుపడదు.

దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా పేరు, పుట్టిన తేదీల దగ్గరే. తమిళనాడులోని సంస్థలు ఇంటిపేరును పక్కనపెట్టి తండ్రి పేరులోని తొలి అక్షరాన్ని ఇనీషియల్‌గా రాసుకుంటాయి. ఆధార్‌లో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఊళ్లో వెంకటేశులు అయినవారు అక్కడి రికార్డులో వెంకటేశన్‌గా స్థిరపడిపోవడమూ కద్దు. 2017 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని యూఏఎన్ పొంది, దానిని ఆధార్‌తో ధ్రువీకరించుకున్నవారు ఇలాంటి తప్పులను చాలావరకు యజమాని ప్రమేయం లేకుండా పీఎఫ్ సంస్థ సభ్యుల పోర్టల్‌లో తామే సరిచేసుకోవచ్చు. అంతకు ముందు పొందినవారు సభ్యుడు, యజమాని కలిసి ఇచ్చే ఉమ్మడి డిక్లరేషన్‌ను ఆన్‌లైన్‌లో సమర్పించి యజమాని ఆమోదం పొందాలి. 58కి దగ్గరైనవారిలో అధికులు ఈ రెండో వర్గంలోకే వస్తారు కాబట్టి, ఈ పనికి విరమణ దాకా ఆగకుండా 57వ ఏటనే పూనుకోవడం మేలు. పాత సంస్థల ఖాతాలను ప్రస్తుత ఖాతాకు బదిలీ చేసుకోవడం, కుటుంబ సభ్యుల వివరాలతో ఈ-నామినేషన్ పూర్తిచేయడం కూడా అప్పుడే కావాలి. ఈ-నామినేషన్ లేకపోతే 10-డి ఫారం ఆన్‌లైన్‌లో తెరుచుకోదు.

విరమణ తర్వాత యజమాని పోర్టల్‌లో నిష్క్రమణ తేదీని నమోదు చేయాలి. వారు జాప్యం చేస్తే, చివరి చందా జమైన నెల నుంచి రెండు నెలలు గడిచాక సభ్యుడే ఆ తేదీని నమోదు చేసుకోవచ్చు. ఒక నెల చందాను మరుసటి నెల 15వ తేదీలోగా చెల్లిస్తారు కనుక, చివరి నెల సొమ్ము పీఎఫ్ పాస్‌బుక్‌లో కనిపించాకే 19వ ఫారం సమర్పించాలి. లేకుంటే ఆ కాస్త సొమ్ము వెనకబడిపోయి దానికోసం మళ్లీ దరఖాస్తు చేయవలసి వస్తుంది. 58 దాటాక కూడా ఉద్యోగంలో కొనసాగినవారు, ఆ తేదీ తర్వాత పింఛను ఖాతాలో చందా పడలేదని పాస్‌బుక్‌లో చూసుకోవాలి. పొరపాటున పడి ఉంటే అది సరయ్యేవరకు పింఛను మంజూరు నిలిచిపోతుంది.

పోర్టల్‌లో ఆన్‌లైన్ సేవల కింద క్లెయిమ్ విభాగాన్ని తెరిచి, బ్యాంకు ఖాతా సంఖ్యను సరిచూసుకుని, ఫారాన్ని ఎంచుకుని, ఆధార్ ఓటీపీతో సమర్పిస్తే సరిపోతుంది. చెక్కు లేదా బ్యాంకు పాస్‌బుక్ చిత్రం జతచేయాలన్న నిబంధనను 2025 ఏప్రిల్‌లో తొలగించారు. పింఛను విషయంలో 2025 జనవరి నుంచి కేంద్రీకృత చెల్లింపు విధానం అమల్లో ఉన్నందున, చెన్నై ఖాతాదారుడైనా పుంగనూరులోనో పీలేరులోనో ఉన్న తన బ్యాంకు శాఖలోనే పింఛను అందుకోవచ్చు.

పింఛను ఏ వయసు నుంచి తీసుకోవాలన్నది కొంత లెక్కవేసి తేల్చుకోవలసిన విషయం. 2014 సెప్టెంబరు తర్వాత చేరి, 15,000 రూపాయల పరిమితి మీద పదకొండేళ్లు పనిచేసినవారికి, పింఛను సూత్రం ప్రకారం వేతనం 15,000ను సర్వీసు 11తో గుణించి 70తో భాగిస్తే నెలకు సుమారు 2,357 రూపాయలు వస్తుంది. అంతకు ముందు నుంచి ఉన్నవారికి 2014 ఆగస్టు వరకు 6,500 పరిమితితో విడిగా లెక్కగడతారు. ఉద్యోగం మానేసినవారు 50 ఏళ్ల నుంచే తగ్గించిన పింఛను కోరవచ్చు. 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. 60 వరకు వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. పై ఉదాహరణలో ఒక ఏడాది ఆగితే నెలకు పెరిగేది సుమారు 94 రూపాయలు, వదులుకునేది 28,000 రూపాయలకు పైగా. ఆ లోటు పూడడానికి పాతికేళ్లు పడుతుంది. ఇతర కారణం ఏదైనా ఉంటే తప్ప వాయిదా వల్ల లాభం లేదనే చెప్పాలి.

పీఎఫ్ సొమ్ము సంగతి అలా కాదు. విరమణ తర్వాత మూడేళ్ల వరకు ఆ ఖాతాలో వడ్డీ పడుతూనే ఉంటుంది కాబట్టి, కూతురి పెళ్లో ఇంటి అప్పో వెంటనే తీర్చవలసిన అవసరం లేనివారు తొందరపడనక్కరలేదు. అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉన్నవారికి విరమణ నాటికి పోగైన మొత్తం మీద సాధారణంగా ఆదాయపు పన్ను లేదు; ఆ తర్వాత పడే వడ్డీకి మాత్రం పన్ను వర్తిస్తుంది. 55 నుంచి 60 ఏళ్ల మధ్య విరమణ చేసినవారు ఆ సొమ్మును తపాలా కార్యాలయంలోని సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో పెట్టాలనుకుంటే, విరమణ ప్రయోజనం చేతికందిన మూడు నెలల్లోపు ఖాతా తెరవాలి. అందువల్ల క్లెయిమ్ సమర్పించే రోజును ఈ గడువును దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి.

క్లెయిమ్ పరిష్కారానికి నిర్దేశించిన గడువు ఇరవై రోజులు. అది దాటితే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయవచ్చు, లేదా ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ సంస్థ నిర్వహించే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరానికి కాగితాలతో వెళ్లవచ్చు. పింఛను మంజూరయ్యాక పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) సంఖ్యను భద్రపరచుకుని, ఏటా జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ విధానం ద్వారా లైఫ్ సర్టిఫికెట్ సమర్పించాలి. ఈ పింఛనుదారులకు నవంబరే అన్న నియమం లేదు; ఏ నెలలో ఇచ్చినా అప్పటి నుంచి ఏడాది పాటు చెల్లుతుంది.