జలకన్యతో భయపెట్టాలంటే

జలకన్య కథ అనగానే పొడుగు జుట్టు, వెన్నెల, బండరాయి వచ్చేస్తాయి. ముందు ఆ మూడూ కొట్టేయండి. వెయ్యి మీటర్ల లోతుకు ఎండే చేరదు, ఇక వెన్నెలెక్కడిది?

"హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం గురించి నువ్వేం రాస్తావు మరదలా" అంటాడు మా బావ. దేశానికి సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది మా నిజాంపేట పక్కనే, ప్రగతి నగర్‌లో. ఇక్కడికి సముద్రం అంకెలుగా వస్తుంది. మనకు కావాల్సిందీ ఆ అంకెలే.

జలకన్య పాటను పైనే, డైవర్ చెవిలో మొదలుపెట్టండి. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. రెండు చెవులకూ ఇంచుమించు ఒకేసారి తగలడంతో ఎటునుంచి వస్తోందో బుర్రకు అందదు. కావాలంటే స్విమ్మింగ్ పూల్‌లో తల ముంచి, నీళ్లలోనే రెండు గరిటెలు కొట్టమని ఎవరికైనా చెప్పండి. కాబట్టి "దూరాన మధుర గానం" వద్దు. ఎటు తిరిగినా పాట అంతే దగ్గరగా ఉండాలి.

ఇక అడుక్కి. 6000 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి దాదాపు 600 రెట్లు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ తయారుచేస్తున్న, మనుషుల్ని సముద్రం అడుక్కి తీసుకెళ్లే మత్స్య 6000 అనే జలాంతర వాహనంలో ముగ్గురు కూర్చునే టైటానియం గోళం వ్యాసం 2.1 మీటర్లే. కరెంటు పోయిన లిఫ్ట్‌లో ఇరుక్కున్నట్టే. మామూలుగా 12 గంటలు, ఆపదొస్తే 96 గంటలు బతకొచ్చు. చాలామంది ఇక్కడే జలకన్యతో అద్దం పగలగొట్టిస్తారు. గోళం పగిలితే భయపడే టైమే ఉండదు, కథ అక్కడితో సరి! ఆమె గోళాన్ని ఊరికే పట్టుకుని కూర్చోవాలి. ఆ 96 గంటలూ మీవి.

లోపలివాళ్లు గ్రాంథికం మాట్లాడకూడదు. "అన్నా, లైట్ ఆపకు, ప్లీజ్" చాలు.

జలకన్య ఒంటిని మాత్రం లోతు సముద్రంలో ఉండే యాంగ్లర్ చేప దగ్గర అరువు తెచ్చుకోండి. తల మీద దీపం ఆడదానికే ఉంటుంది, అది వెలిగేది బ్యాక్టీరియాతో. కొన్ని జాతుల్లో చిట్టి మగచేప ఆడచేపను కరుచుకుని, రక్తనాళాలు కలిసిపోయి, కణితిలా మిగిలిపోతుంది. ఇంతకంటే ఏం కల్పిస్తాం? మన జలకన్య నడుము చుట్టూ అలాంటి కణితులు పెట్టండి. వాటిలో ఒకటి గోళంలో ఉన్నవాణ్ణి ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో పిలవాలి. ఆ పేరు మొదటి పేజీలోనే, అమ్మ ఫోన్ చేసినప్పుడో ఎప్పుడో, మామూలుగా దొర్లించేయండి. చివర్లో కొత్తగా చెబితే పాఠకుడికి తగలదు.