చూపూ వినికిడీ లేకుండా పుట్టిన పిల్లలతో స్పర్శతో మాట్లాడటం ఎలా?

ఈ పిల్లల్లో చాలామందికి ఎంతో కొంత వెలుగో శబ్దమో తెలుస్తుంది. కళ్లజోడు, వినికిడి యంత్రం ఇచ్చివుంటే వాటిని వాడుతూనే ఉండండి. కానీ మాటలు మొదలయ్యేది మాత్రం స్పర్శ దగ్గరే.

మీరు రావడం బిడ్డకు తెలియదు. చెప్పాపెట్టకుండా ఎత్తుకుంటే ఉలిక్కిపడుతుంది. ముందు భుజం మీద అరచేయి ఆనించి రెండు మూడు సెకన్లు అలాగే ఉంచండి. తగిలీ తగలనట్టు నిమిరితే గిలిగింతగానో చిరాకుగానో ఉంటుంది, కాబట్టి నిలకడగా ఆనించాలి. తర్వాత మీ చేతిని మోచేతి మీదుగా బిడ్డ చేతి దాకా జార్చి, మీ గుర్తును తడమనివ్వండి. గాజో, ఉంగరమో, గడ్డమో ఏదైనా సరే, రోజూ అదే ఉండాలి. గాజు తీసేసి వస్తే బిడ్డ లెక్కలో మీరు ఎవరో కొత్తవాళ్లు. వెళ్లేటప్పుడూ ఆ గుర్తు చూపించే వెళ్లండి, ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

ఇక చేతుల సంగతి. బిడ్డ మణికట్టు పట్టుకుని పని చేయించకండి. ఈ పిల్లలకు చేతులే కళ్లు. పట్టి లాగితే పిడికిలి బిగించేస్తారు, లేదా చేయి మీకు వదిలేసి ఊరుకుంటారు. ఈ రెండోది నెమ్మదితనంలా కనిపిస్తుంది గానీ, అక్కడ నేర్చుకోవడం ఆగిపోయినట్టే. మీ చేయి కింద, బిడ్డ చేయి పైన ఉండాలి. తినిపించేటప్పుడు వెనకో పక్కనో కూర్చోండి, అప్పుడు ఇద్దరి చేతులూ ఒకే దిక్కుకు కదులుతాయి. చెంచా మీరు పట్టుకోండి, బిడ్డ అరచేయి మీ చేతి వీపు మీద వదులుగా ఉండాలి. గిన్నెలోకి, మళ్లీ నోటి దగ్గరికి నెమ్మదిగా కదలండి. బిడ్డ ఎప్పుడు చేయి తీసేసుకున్నా అడ్డుపడకండి. కొన్ని వారాలు గడిచాక మీ చేతిని కొంచెం కొంచెంగా వెనక్కి జరిపితే బిడ్డ వేళ్లు చెంచా కాడను అందుకుంటాయి.

స్పర్శ సంకేతాలు, అంటే ఏం చేయబోతున్నారో ఒంటి మీద తాకి చెప్పే గుర్తులు, మొదట్లో మూడు నాలుగు చాలు. ఎత్తుకునే ముందు చంకల కింద రెండుసార్లు పైకి నొక్కడం, డైపర్ మార్చేముందు నడుము పక్కన రెండుసార్లు తట్టడం, ఇలా. అన్నం పెట్టేముందూ మూతి తుడిచేముందూ పెదవి కిందే తాకితే ఏది ఏదో తేలదు. ఎక్కడ, ఎన్నిసార్లు, ఎంత గట్టిగా అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించండి, ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి.

సంకేతం ఇచ్చాక ఆగండి. కనీసం 10 సెకన్లు, కొందరికి 30 దాటినా పడుతుంది. జవాబు చేతుల్లోంచే రావాలని లేదు. ఊపిరి బిగబట్టడం, కాలి వేళ్లు కదపడం, కదలకుండా ఉండిపోవడం కూడా జవాబే. కదలకపోతే ఇష్టం లేదనుకుంటారు, చాలాసార్లు బిడ్డ శ్రద్ధ పెట్టిందని అర్థం. దీనికి మంచి సాధన ఊగే ఆట. ఒళ్లో కూర్చోబెట్టుకుని కాసేపు ఊగి, ఠక్కున ఆగండి. బిడ్డ కాస్త ముందుకు తోసిందా, అది "మళ్లీ" అనడం. వెంటనే ఊగాలి, ఆలస్యమైతే తన కదలికకూ ఊగడానికీ ఉన్న సంబంధం అందదు.

ఏం చేయబోతున్నారో వస్తువును చేతికిచ్చి చెప్పేటప్పుడు బొమ్మలు పనికిరావు. ప్లాస్టిక్ బొమ్మ కారు చేతికి కారులా అనిపించదు, సీటు బెల్టు ముక్క అయితే అనిపిస్తుంది. స్నానానికి రోజూ వాడే ఆ తువ్వాలే ఇవ్వండి, నీళ్ల దగ్గరికి వెళ్లే ముందు, అరగంట ముందు కాదు. ఇవి కుదిరాక రోజు పనుల వస్తువులను వరుస అరల్లో పెట్టి, అయిపోయినదాన్ని వేరే పెట్టెలో వేయించండి.

చార్జ్ సిండ్రోమ్ (చూపు, వినికిడి సహా ఒంట్లో చాలా భాగాలను పుట్టుకతోనే దెబ్బతీసే అరుదైన జన్యు సమస్య) ఉన్న పిల్లల్లో సాధారణంగా చెవిలోని సమతుల్యత భాగం కూడా దెబ్బతిని ఉంటుంది. కూర్చోవడానికే శ్రమంతా పోతుంది కాబట్టి పడుకోబెట్టి మాట్లాడి చూడండి, చేతులు తేలిగ్గా కదులుతాయి.

బిడ్డ చేయి వెనక్కి లాక్కుంటే వెంటపడకండి. మీ చేతిని దాని పక్కన, ఆనీ ఆననట్టు కాకుండా నిలకడగా ఆనించి ఉంచండి. వేళ్లు తమంతట తాము ఎక్కేదాకా అక్కడే ఉండాలి.