గ్రావెల్ సైకిల్: టైరు దిగినా, బ్రేకు మెత్తబడినా ముందు చూడాల్సినవి

ట్యూబ్‌లెస్ టైరు దిగితే ఇంకాస్త సీలెంట్ (కంతలు మూసే ద్రవం) పోయడం, హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకు మెత్తబడితే బ్లీడింగ్‌కి, అంటే పైపులోని గాలి తీసి ద్రవం నింపడానికి, ఇచ్చేయడం. గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల సైకిల్) కొన్న మొదటి ఏడాది నేను చేసింది ఇదే. సగం సార్లు రెండూ దండగే, తప్పు ఇంకెక్కడో ఉండేది. నా తిరుగుడు గండిపేట వెనక దారుల్లో, వికారాబాద్ అనంతగిరి మట్టిబాటల్లో. టైర్లు 40 మి.మీ., నా బరువు 70 కిలోల చిల్లర. కింద చెప్పే అంకెల్ని మీ టైరుకీ బరువుకీ తగ్గట్టు మార్చుకోండి.

రాత్రి గట్టిగా ఉంది, పొద్దునకి మెత్తబడింది

సీలెంట్ సీసా పక్కన పెట్టి సబ్బు నీళ్లు తీసుకోండి. టైరుకీ రిమ్ముకీ వాల్వుకీ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందో చూడండి.

వాల్వు మొదట్లోనో స్పోకుల నిపుల్స్ (చువ్వల్ని రిమ్ముకు బిగించే చిన్న నట్లు) దగ్గరో లేస్తే తప్పు రిమ్ము లోపల అంటించే టేపుది. గాలి టేపు కిందకి దూరి, రిమ్ము లోపలంతా తిరిగి, దొరికిన కంతలోంచి బయటపడుతోంది. బుడగ కనిపించిన చోటే టేపు చిరిగి ఉంటుందని అనుకోకండి. దీనికి ఎంత సీలెంట్ పోసినా లాభం లేదు. టేపు మొత్తం పీకేసి, రిమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రిమ్ము లోపలి వెడల్పు కన్నా 2-3 మి.మీ. ఎక్కువ వెడల్పున్న టేపును గట్టిగా లాగి పట్టుకుని అంటించాలి. వాల్వు కంతను బ్లేడుతో కోయకండి. నేను కోశాను, ఆ కోత వారంలో సాగి చిరిగింది. సన్నని మేకుతో గుండ్రంగా పొడిస్తే చాలు.

వాల్వు కొసలో బుడగ వస్తే కోర్ (వాల్వు లోపల గాలిని ఆపే చిన్న ముక్క) వదులైంది, బిగించండి. పంపు కొడుతున్నా గాలి ఎక్కకపోతే కోర్‌లో సీలెంట్ గడ్డకట్టింది, కొత్తది వేయండి. కొత్త టైరు పక్కగోడల నిండా ఆవగింజంత బుడగలు లేస్తే భయపడక్కర్లేదు. చక్రాన్ని బకెట్ మీద పడుకోబెట్టి, కొన్ని గంటల తర్వాత రెండో వైపు తిప్పండి. సీలెంట్ ఆ రంధ్రాల్లోకి ఇంకుతుంది.

ఎక్కడా బుడగ లేకపోయినా గాలి తగ్గుతుంటే, అప్పుడు సీలెంట్‌ను అనుమానించండి. మన ఎండలకు అది తొందరగా ఎండిపోతుంది. వేసవిలో నేను రెండు నెలలకోసారి కోర్ తీసి, సన్నని ప్లాస్టిక్ టై లోపలికి ముంచి చూస్తాను. తడి అంటకపోతే 60 మి.లీ. పోస్తాను. ముళ్లదారి అయితే ఇంకాస్త.

ముల్లు దిగింది

పల్లేరు కాయ అయితే లాగేసి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకోండి. సీలెంట్ రెండు నిమిషాల్లో మూసేస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు వేరే రకం. పొడవైనది, రంధ్రం కూడా పెద్దది. ప్లగ్గును (రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ) సూదికి ఎక్కించి చేతిలో సిద్ధంగా ఉంచుకున్నాకే ముల్లు లాగండి.

ప్లగ్గూ ఆగకపోతే ట్యూబే గతి. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. మిట్టమధ్యాహ్నం, నీడ లేని చోట, చేతులకు సీలెంట్ జిగురుతో ట్యూబ్ వేసి బయల్దేరితే రెండు వందల మీటర్లు కూడా పోలేదు, మళ్లీ చప్పబడింది. టైరు లోపల తడిమితే పదకొండు ముల్లుకొసలు! నెలల తరబడి దిగిన ముళ్లన్నిటినీ సీలెంట్ నోరెత్తకుండా మూస్తూ వచ్చింది. ట్యూబ్‌కి ఆ ఓపిక ఎక్కడిది? ట్యూబ్ పెట్టే ముందు పాత బనీను గుడ్డతో టైరు లోపలంతా తుడవండి. ముల్లు ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. దాన్ని బయటివైపు నుంచి లాగేయండి.

కొత్త టైరు రిమ్ము మీద కూర్చోవట్లేదు

చేతిపంపుతో గాలి మెల్లగా వెళ్తే అంచుల సందులోంచి మెల్లగానే పోతుంది. కావాల్సింది ఒక్కసారిగా దూసుకొచ్చే గాలి. వాల్వు కోర్ తీసేసి, టైరు అంచులకు సబ్బు నీళ్లు రాసి, వీధి చివర పంచర్ షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లండి. సైకిల్ వాల్వును అతని గాలి గొట్టానికి కలిపే చిన్న ఇత్తడి అడాప్టర్ మీరే పట్టుకెళ్లాలి. “ట్యూబేది సార్?” అని అడుగుతాడు, ఓపిగ్గా చెప్పండి. గాలి మాత్రం అతని అలవాటుకు వదిలేయకండి. టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠాల్లో ఏది తక్కువైతే అదే హద్దు. లోపలి అంచుకు కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములకు ఎట్టి పరిస్థితుల్లోనూ 72.5 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటకూడదు. రెండు వైపులా ఠప్పుమంటే కూర్చున్నట్టే. తొక్కేటప్పుడు నేను ముందు 30, వెనక 33 ఉంచుతాను.

బ్రేకు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది

సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టారా? కారు డిక్కీలో పడుకోబెట్టారా? అయితే లివర్ దగ్గర చేరి ఉన్న గాలిబుడగ పైపులోకి జారి ఉండొచ్చు. నిటారుగా నిలబెట్టి ఇరవై ముప్ఫై సార్లు లివర్ నొక్కండి. తర్వాత రబ్బరు బ్యాండుతో నొక్కి కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున గట్టిపడి అలాగే నిలిస్తే సరే. మళ్లీ మెత్తబడితే అప్పుడు బ్లీడింగ్.

అందులో పోసే ద్రవం దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. షిమానో కంపెనీ బ్రేకులకు మినరల్ ఆయిల్. స్రామ్ కంపెనీ రోడ్, గ్రావెల్ బ్రేకుల్లో ఎక్కువగా డాట్ 5.1 అనే వేరే రకం ద్రవం. మోటార్‌సైకిల్ షాపులో డాట్ 4 సీసా చవగ్గా దొరికిందని షిమానోలో పోశారో, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి లివరూ, డిస్క్‌ను ప్యాడ్లతో పట్టే క్యాలిపరూ రెండూ పోతాయి. డాట్ ద్రవం సైకిల్ రంగును కూడా తినేస్తుంది. చిందితే వెంటనే నీళ్లతో కడగాలి.

చక్రం తిరిగి పెడుతుంటే డిస్క్ దూరట్లేదు

చక్రం లేనప్పుడు ఎవరో లివర్ నొక్కారు, ప్యాడ్లను నెట్టే పిస్టన్లు ముందుకొచ్చాయి. మా ఇంట్లో పిల్లలే. పాత ప్యాడ్లు లోపలే ఉంచి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్‌తో మెల్లగా వెనక్కి నెట్టండి. ప్యాడ్లు తీసేసి పిస్టన్‌ను స్క్రూడ్రైవర్‌తో నెట్టారంటే పగలొచ్చు.

డిస్క్ రాసుకుంటోంది, కీచుమంటోంది

చక్రం తిప్పి వినండి. ఆగకుండా సర్రుమంటే క్యాలిపర్ పక్కకి ఉంది. చుట్టుకోసారి చక్‌మంటే డిస్క్ వంగింది. ముందుగా ఇరుసు విప్పి మళ్లీ సరిగ్గా బిగించండి, సగం సార్లు అంతటితో పోతుంది. పోకపోతే క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకునే బిగించండి.

వానలో నల్లరేగడి పట్టి వచ్చే కీచును పట్టించుకోకండి, కడిగితే పోతుంది. పొడిగా ఉన్నా అరుస్తూ, ఆపడం కూడా తగ్గితే ప్యాడ్లకు నూనె అంటింది. తొంభై పాళ్లు గొలుసుకు కొట్టిన స్ప్రేయే కారణం. డిస్క్‌ను ఆల్కహాల్‌తో తుడిచి ప్యాడ్లు మార్చండి. గీకి వాడాలని నేనూ చూశాను, మూడు రోజులకే మళ్లీ అరిచింది. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి, చక్రం బిగుసుకుపోకుండా, ఇరవై సార్లు నడక వేగానికి తగ్గించండి. అప్పటిదాకా అనంతగిరి దిగువ ఘాట్ వైపు వెళ్లకండి.